బ్రేకు పట్టట్లేదు

స్టోరు తాళాల గుత్తి నడుముకి కట్టుకుని గలగలమని తిరిగే పెద్దమనిషీ, ముందు నిన్నే అడుగుతున్నాను. మా పదకొండు స్కూటర్లని వానాకాలమంతా కారే షెడ్డులో పడేసింది నువ్వు కాదా? నేల ఏటవాలుగా ఉంది, బండ్లు దొర్లిపోతాయని, ఎడమచేతి బ్రేకు లివర్లని పచ్చ ప్లాస్టిక్ తాడుతో హ్యాండిల్‌కి బిగదీసి కట్టింది నువ్వు కాదా? తొంభై రోజుల్లో ఒక్కసారైనా ఆ తాడు విప్పావా? అతని పైన కూర్చున్న ఆఫీసరమ్మా, "సరైన స్థితిలో అందుకున్నాను" అని అచ్చేయించి, చక్రం తిరగని బండ్లకి మాచేత సంతకాలు పెట్టించుకుంది నువ్వు కాదా?

మీ ఇద్దరితో పాటు మూడో దోషి కూడా ఒకతి ఉంది. దాన్ని వెనకేసుకురాను. దాని సంగతీ చెబుతాను.

మేం టీకాలేసే నర్సులం. ఇల్లిల్లూ తిరగాలి, అందుకని ఆఫీసు తలా ఒక స్కూటరిచ్చింది. ముగ్గురు నర్సుల్ని కారణం చెప్పకుండా పనిలోంచి తీసేస్తే, మిగతా మేం పదకొండుమంది వానల మొదట్లో సమ్మెకి దిగాం. గేటు ముందు టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. నేను నాయకురాల్ని. నాకు చదువు తక్కువ, గొంతెక్కువ. అందరూ నన్ను మైకక్క అంటారు.

సమ్మె మూడో రోజు బండ్లు లాక్కున్నారు. "ఆఫీసు ఆస్తి" అన్నాడు తాళాలాయన. షెడ్డు గోడ మా టార్పాలిన్‌కి ఆనుకునే ఉంది. రేకుల సందులోంచి రోజూ చూసేదాన్ని. బండ్ల మీద నీళ్ళు కారుతూనే ఉండేవి. లివర్లకి పచ్చతాళ్ళు. అది చూసి ఏం చేశాననుకున్నారు? ఉపన్యాసం ఇచ్చాను. "మనకి వెయ్యలేని సంకెళ్ళు మన బండ్లకి వేశారు చూడండమ్మా!" అని అరిస్తే చప్పట్లు మోగిపోయాయి. ఆ తాడు బ్రేకుని ఏం చేస్తుందో మాత్రం నేను ఆలోచించలేదు. అది నాకు నినాదంగా పనికొచ్చింది, అంతవరకే నా దృష్టి పోయింది.

ఆ పదకొండుమందిలో మా మరదలు కూడా ఉంది. మా తమ్ముడి భార్య. నేనూ వాళ్ళతోనే ఉంటాను, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మరదలు మాట్లాడేది తక్కువ. కానీ టీకా వేసే చెయ్యి చూడాలి! పసిబిడ్డ ఏడుద్దామని నోరు తెరిచేలోపల సూది బయటికొచ్చేసేది. "ఈవిడ దగ్గరికే పంపండి" అని తల్లులు వరస మారేవాళ్ళు. సమ్మె రోజుల్లో ఆఫీసు జీపు మా వీధిలోకొస్తే ఆ పిల్ల కిటికీ రెక్క మూసేసేది. "మనల్నీ తీసేస్తారా వదినా?" అని అడిగేది. "నేనుండగానా?" అనేదాన్ని. అంతే, ఇక అడిగేది కాదు. వదిన అన్నాక అంతే.

తొంభై రెండో రోజు గెలిచాం. ముగ్గుర్నీ తిరిగి తీసుకుంటామని కాగితం వచ్చింది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికల్లా అందరూ బండ్లతో సహా హాజరవ్వాలి, రానివాళ్ళ పేరు కొట్టేస్తాం అని దాని కిందే ఇంకో వాక్యం. గెలుపు పక్కనే మెలిక.

ఆ మధ్యాహ్నం బండ్లు తీసుకోడానికి షెడ్డుకి వెళ్ళాం. తాళాలాయన జేబులోంచి చాకు తీసి, మూలనున్న చివరి బండి ఒక్కటి తప్ప అన్నిటి తాళ్ళూ టపటపా కోశాడు. లివర్లు మాత్రం లోపలికి వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. మరదలు తన బండిని స్టాండు దించి లాగింది. వెనక చక్రం తిరక్కుండా నేల మీద గీత గీసుకుంటూ వచ్చింది.

"వదినా, కదలట్లేదు. బ్రేకు పట్టేసింది."

"నాదీ పట్టేసింది", "నాదీ అంతే" అని చుట్టూ గోల. మాలో పెద్దావిడ ఒకావిడుంది, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి నవ్వులక్క అంటాం. ఆవిడ మూలనున్న తన బండి సీటు మీద చెయ్యేసి, "చూశారా, మనం సమ్మె మానేశాం, ఇవి మొదలుపెట్టాయి" అంది. అందరూ ఫక్కుమన్నారు.

తాళాలాయన నవ్వలేదు. ఫారాలు చేతిలో పెట్టి, "సంతకం పెట్టండి, తీసుకెళ్ళండి. పెట్టనివాళ్ళకి బండి లేదు. బండి లేకపోతే రేపు హాజరు లేదు" అన్నాడు.

"సరైన స్థితిలో అని ఉంది కదయ్యా. చక్రమే తిరగట్లేదు" అన్నాను.

"అది ఆఫీసరమ్మనడుగు. పైన ఉంది. అడిగొస్తావా మరి? వెళ్ళు."

అందరూ నా వైపు చూశారు.

ఇక్కడ నిజం చెప్పాలి. తొంభై రెండు రోజులు నాకు భయం లేదు. పోలీసు కర్ర చూసినా లేదు. ఆ క్షణంలో మాత్రం భయం వేసింది. గెలిచింది చేజారిపోతుందని భయం. ఒక్క ఫారం దగ్గర గొడవపడితే ఆ ముగ్గురి కాగితం వెనక్కి లాక్కుంటారేమో అని భయం. ఆ భయాన్ని తెలివి లాగా చేసి చూపించాను.

"పెట్టెయ్యండమ్మా. ముందు గేటు దాటదాం. బ్రేకు సంగతి నేను చూసుకుంటా."

పెట్టేశారు. నవ్వులక్క ఒక్కతే వరస చివర నిలబడి, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే మైకూ. చదవకుండా దేని మీదా పెట్టొద్దని మా నాన్న ఒట్టేయించుకున్నాడు" అంది నవ్వుతూ. నేను అప్పటికే మరదలి బండి వెనక పట్టుకుని తోస్తున్నాను. ఆవిడ ఎలాగూ పెట్టేస్తుందిలే అనుకున్నాను.

బండ్లని ఈడ్చుకుంటూ, ఎత్తుకుంటూ ఎవరిళ్ళకి వాళ్ళం చేరాం. వాకిట్లో మరదలి బండి నిలబెట్టి నేను పనికి దిగాను. నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. చూసి నేర్చుకున్నా, తప్పుచేసి నేర్చుకున్నా. వానకి చక్రం మధ్యనుండే డ్రమ్ము లోపల తుప్పు పట్టి, దాన్ని నొక్కి చక్రాన్ని ఆపే బ్రేకు షూలు దానికి అంటుకుపోయాయని తెలుసు. అంటుకున్నది వదలాలంటే ఏం కావాలి? నూనె కావాలి. కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి, డ్రమ్ముకీ రేకుకీ మధ్య ఉన్న సందులో పోశాను. కర్రమొద్దుతో చుట్టూ కొట్టాను. మరదలు ముందుకి తోస్తే నేను వెనక్కి లాగాను. పదిసార్లు అలా ఊపగా, లోపల టక్‌మంది. చక్రం తిరిగింది.

వెంటనే ఫోన్లు మొదలుపెట్టాను. ఒక్కొక్కరికీ అదే మంత్రం. "నూనె పొయ్యి, కొట్టు, ఊపు. వదుల్తుంది." చివర నవ్వులక్కకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ పక్కింట్లో ఉండే మా నర్సు చెప్పే ఉంటుందిలే అనుకున్నాను.

సాయంత్రం తమ్ముడు లేతు పని నుంచి వచ్చి చక్రం కాలితో తిప్పి చూశాడు.

"ఎలా వదిలిందక్కా?"

"కొట్టాను. వదిలింది."

"విప్పి చూడాలి. లోపల ఏముందో ఏంటో."

"విప్పితే మళ్ళీ బిగించేసరికి రేపు మధ్యాహ్నం అవుతుందిరా. ఎనిమిదింటికి హాజరు. పేరు కొట్టేస్తారు."

"అయితే పొద్దున్న బయల్దేరే ముందు ఒక రౌండు వేసి చూడండి. బ్రేకు పడుతోందో లేదో తెలుస్తుంది" అని చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

నూనె పోశానని చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. వాడు ఇనుముతో బతికేవాడు. చెబితే ఒప్పుకోడని లోపలెక్కడో తెలుసు.

తెల్లారి వాడు మొదటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. నా బండి ఇంకా బిగుసుకునే ఉంది, దాన్ని వదిలించే టైము లేదు. ఇద్దరం మరదలి బండి మీదే వెళ్దామనుకున్నాం. ఆ పిల్ల మా వీధిలో ఒక రౌండు వేసొచ్చింది. నేను గడపలో నిలబడి చెప్పుల పట్టీ బిగించుకుంటున్నాను.

"వదినా, బ్రేకు పట్టట్లేదు" అంది.

నిన్న మధ్యాహ్నం నుంచీ నా బుర్రలో ఉన్నది ఒకటే మాట, పట్టేసింది. నిద్రలో కూడా పట్టేసింది, పట్టేసింది. ఇప్పుడు పట్టట్లేదట. బిగుసుకోవట్లేదట. నా చెవికి అలా వినిపించింది.

"హమ్మయ్య! పట్టకపోతే చాలు. పద పద, ఏడున్నరైంది."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. మింగేసింది. బండెక్కింది.

ఆఫీసుదాకా రోడ్డు చదును. దారిపొడుగునా జనం, బండి మెల్లగా పోయింది. ఆగాల్సి వచ్చినప్పుడల్లా తను రెండు కాళ్ళూ నేల మీద పెట్టి ఆపింది. ఉక్కపోతలో వెనక కూర్చుని నేను సమ్మె కబుర్లు చెబుతున్నాను, చూడలేదు. బండి తీసుకున్నట్టు సంతకం ఉంది కాబట్టి నాకూ హాజరు వేశారు. ఐసు వేసిన టీకాల పెట్టె తీసుకుని, దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాం.

నీళ్ళ ట్యాంకు దాటాక దిగుడు మొదలవుతుంది. ఎడమవైపు బడి ప్రహరీ గోడ. కింద రైలు గేటు. సగం దిగామో లేదో గంట మోగింది. గేటు కర్ర దిగుతోంది. దాని ముందు బడి పిల్లల్ని తీసుకెళ్ళే బండి ఒకటి, తోపుడుబండి, సైకిళ్ళు, నడిచేవాళ్ళు.

బండి వేగం పెరిగింది.

"బ్రేకు వెయ్యవే!"

"వేస్తున్నాను వదినా!"

"గట్టిగా వెయ్యి!"

"పట్టట్లేదని పొద్దున్నే చెప్పాను కదా!"

అప్పుడు అర్థమైంది. ఆ మాట నా చెవిలోంచి కడుపులోకి జారింది. ఆ పిల్ల పొద్దున్న చెప్పింది ఇదీ. బండి ఆగట్లేదని. షూలకి నా నూనె పట్టింది కాబట్టి బ్రేకు పట్టడం మానేసిందని.

తను కుడిచేతి బ్రేకు నొక్కింది. ముందు చక్రం ఒక్కసారి మూలిగింది. ఫట్‌మని తీగె తెగిన చప్పుడు. షెడ్డులో తుప్పు తిన్న కేబులు. లివరు చేతికి వదులుగా వచ్చేసింది. కింద పిల్లల బండి వెనక అద్దంలోంచి ఒక పాప మావైపే చూస్తోంది. జడకి కట్టిన ఎర్ర రిబ్బను కూడా కనిపిస్తోంది, అంత దగ్గరకొచ్చేశాం. నాకు అరుపు రాలేదు. మైకు మూగబోయింది.

"కాలు ఎత్తు!" అని అరిచింది మరదలు.

ఎత్తండి కాదు. ఎత్తు. మా ఇంట్లో కాలు పెట్టిన ఏడేళ్ళలో నన్ను అలా అనడం అదే మొదటిసారి. నేను చిన్నపిల్లలా ఎడమకాలు ఎత్తేశాను. తను బండిని గోడకి ఆనించింది. బండి రేకు గోడని రాసుకుంటూ కీచుమని అరిచింది, నిప్పురవ్వలు లేచాయి, సున్నం పొడి కళ్ళల్లో పడింది. వేగం తగ్గింది, తగ్గింది. గోడలోంచి ముందుకొచ్చిన స్తంభం ఒకటి తగిలి బండి మమ్మల్ని కుడివైపుకి విసిరికొట్టింది.

లేచేసరికి పిల్లల బండి మాకు పది అడుగుల దూరంలో ఉంది. టీకాల పెట్టె నా చేతుల్లోనే ఉంది, మూత కూడా ఊడలేదు. నా మోకాలు దోక్కుపోయింది, అంతే. మరదలు కూర్చునే ఉంది. కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి తిరగకూడని వైపుకి తిరిగి ఉంది.

జనం మూగారు. ఎవరో నీళ్ళిచ్చారు. ఎవరో ఆటో పిలుస్తున్నారు. తను నీళ్ళు తాగలేదు. పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి.

"వదినా, మిగతావాళ్ళు" అంది.

తొమ్మిదిమంది. అందరికీ నూనె మంత్రం చెప్పింది నేనే. ఈ పాటికి అందరూ బండ్ల మీదే ఉంటారు.

ఫోను తీశాను. తొందరలో రెండుసార్లు తప్పు మనిషికి పోయింది. "బ్రేకు పట్టట్లేదని" అంటుండగానే మరదలు ఎడమచెయ్యి నా మోచేతి మీద పడింది.

"పట్టట్లేదని చెప్పకు. దిగిపొమ్మని చెప్పు."

మొదటామె ఎత్తి, "మైకక్కా! నీ నూనె మహిమ! ఇప్పుడసలు పట్టట్లేదు!" అంది ఉత్సాహంగా.

"దిగు! బండి దిగు! ఎక్కడున్నావో అక్కడే దిగు!"

"ఏమైందక్కా?"

"ముందు దిగవే తల్లీ!"

రెండో ఆమె టీ కొట్టు దగ్గరుంది. మూడో ఆమె ఒక గేదెని తప్పించబోయి అప్పటికే కాలవలో దిగింది, తడిసింది, తిడుతోంది, బతికుంది. ఒకరొకరే దొరికారు. ఎనిమిదిమంది. ప్రతి "దిగాను" మాటకీ నా ఊపిరి ఒకటి బయటికొచ్చింది.

నవ్వులక్క ఎత్తలేదు.

ఆవిడ దారి రాళ్ళ క్వారీ మీదుగా. మలుపు మీద మలుపు, ఒకవైపు లోయ. మోగుతోంది. ఎత్తట్లేదు. ఆటోలో ఆసుపత్రికి వెళ్తూ చేశాను. మరదలి తల నా భుజం మీద ఉంది, గతుకు వచ్చినప్పుడల్లా పళ్ళు బిగిస్తోంది. చేశాను. ఎక్స్‌రే గది బయట నిలబడి చేశాను. పదిహేడుసార్లు. ఆవిడ నవ్వు లేని ఆఫీసుని ఊహించుకుని గోడకి ఆనుకున్నాను. ఆ అరగంట నా జీవితంలోంచి ఎవరైనా కోసి తీసేస్తే బాగుండును.

అప్పుడు ఫోను మోగింది.

"ఏంటే మైకూ, ఇన్నిసార్లు చేశావు? ఊపిరి సలపనివ్వవా? ఎక్కుతూ వస్తున్నాను."

"అక్కా, బండి దిగు!"

"బండెక్కడిదే? నేను సంతకం పెట్టలేదుగా! బండివ్వనన్నాడు మహానుభావుడు. హాజరు పుస్తకం లాక్కుని నేనే పేరు రాసుకుని, నడిచి వచ్చేశాను. మోకాళ్ళు పట్టేశాయనుకో" అని నవ్వింది. "ఏంటే, ఏడుస్తున్నావా? మైకు ఏడుస్తుందా?"

ఏడ్చాను. దాచుకోడానికి ఏముంది.

మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. కట్టు విప్పినా వేళ్ళకి పాత నేర్పు వస్తుందో రాదో చెప్పలేం అన్నాడు డాక్టరు. తమ్ముడు బండి చక్రం విప్పి డ్రమ్ము తెచ్చి నా ముందు పెట్టాడు. లోపలంతా నల్లటి జిడ్డు.

"బ్రేకుకి నూనె పోస్తారా అక్కా?" అన్నాడు. అంతే. ఇంకో మాట అంటే బాగుండేది.

ఆ వారమంతా మరదలికి నేనే తల దువ్వాను, అన్నం కలిపి పెట్టాను. ఒకరోజు ముద్ద నోట్లో పెడుతూ అడిగాను. "ఆ పొద్దున్న ఏదో అనబోయి మానేశావు. ఎందుకు?"

ముద్ద మింగింది.

"చాలు అన్నారు కదా. ముందు బ్రేకు ఉందిలే అని అన్నారేమో అనుకున్నా. మళ్ళీ అడిగితే కోప్పడతారని."

"నేనంటే అంత భయమా?"

"సంతకం పెట్టమన్నప్పుడు మీకు ఆఫీసరమ్మంటే ఉన్నంత."

ఇంకో ముద్ద కలిపాను. "'మీరు' అనకు. దిగుడులో అన్నట్టే అను" అన్నాను. ఇప్పుడు అంటోంది. నేనేదైనా చెబితే, "ఆగు, విప్పి చూద్దాం" అంటోంది. మా ఇంట్లో వదిన అన్నాక అంతే అనే రోజులు అయిపోయాయి. ఆ వానాకాలం నా పెత్తనం పట్టుకెళ్ళింది, తనకి గొంతిచ్చింది.

మూడో దోషి ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. నా తప్పు నేను రాసి, పదకొండుమంది ముందూ చదివాను. ఇప్పుడు మీ వంతు.

"తాళ్ళేవీ కట్టలేదు, ఆడవాళ్ళు నూనెపోసి పాడుచేసుకున్నారు" అని ఆఫీసులో చెబుతున్నావట కదా తాళాలాయనా! నవ్వులక్క బండి ఇంకా నీ షెడ్డులోనే ఉంది. పచ్చతాడు ఇంకా దాని లివరుకే ఉంది. రేకుల సందులోంచి మేం వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. దాని పక్కన మావి కాని ఇంకో ఆరు ఆఫీసు బండ్లున్నాయి, అవీ అలాగే కట్టి ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిలకి సోమవారం అవి ఇస్తారని తెలిసింది. వాళ్ళకి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. సంతకం పెట్టమంటే పెట్టేస్తారు.

ఆ తాడు నువ్వు ఒంటరిగా కొయ్యడానికి వీల్లేదు. రేపు పొద్దున్న షెడ్డు తలుపు బార్లా తెరువు. ఆఫీసరమ్మ నిలబడాలి, మేం నిలబడతాం, విరిగిన చెయ్యి మెడకి కట్టుకుని మా మరదలు నిలబడుతుంది. అందరి కళ్ళ ముందూ తాళ్ళు విప్పు. ఏడు బండ్ల చక్రాలూ ఊడదీయించు. షూలు మార్పించు, కేబుళ్ళు మార్పించు. ఫారంలో "సరైన స్థితి" కొట్టేసి "ఆగుతుంది" అని రాయి. దాని కింద మొదటి సంతకం నీది, రెండోది ఆఫీసరమ్మది.

ఆ తర్వాత ఒక్కో బండీ నువ్వే ఎక్కి, నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి దిగుడు దిగి రా. మేం కింద రైలు గేటు దగ్గర నిలబడి ఉంటాం.